రెండు గంటలు ఎక్కువ - కూలి ఎంత?

అక్కలారా! ఈ పాఠంలో ఓటీ గురించి చదువుకుందాం. పని వేళ దాటాక చేసే అదనపు పనినే ఓటీ అంటారు.

మా చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. ఆమె రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. వారానికి ఆరు రోజులు, రోజుకు 8 గంటలు పని. కూలి 400 రూపాయలు. "సరుకు పాడవుతుంది" అని రోజూ ఇంకో రెండు గంటలు ఉంచేస్తారు.

ఒకనాడు ఆ అక్క జీతం చీటీ తెచ్చింది. కూడబలుక్కుని తానే చదివింది. "వారానికి ఓటీ 12 గంటలు. 600 రూపాయలు."

"టీచరమ్మా, ఈ లెక్క సరైనదేనా?" అని అడిగింది.

అందరం కలిసి పలక మీద లెక్క వేశాం.

గంటకు కూలి: 400 ÷ 8 = 50 రూపాయలు.
ఓటీ గంటకు రెట్టింపు: 50 × 2 = 100 రూపాయలు.
12 గంటల ఓటీకి: 12 × 100 = 1,200 రూపాయలు.
ఇచ్చింది 600. తగ్గింది 600.

ఒక్క వారంలోనే ఇంత పోయింది!

చట్టం ఏం చెబుతోంది?

ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలు దాటి చేసిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఈ మాట ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటిలోనూ రెట్టింపు కూలి ఉంది. మనం ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలి. జీతం చీటీ తప్పక ఇవ్వాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే కంపెనీయే ఇచ్చుకోవాలి.

ఈ చట్టాలు చేసింది ఢిల్లీలోని పార్లమెంటు. మన దగ్గర ఇలాంటి ఫ్యాక్టరీల్లో అవి అమలయ్యేలా చూసేది రాష్ట్ర కార్మిక శాఖ. దాన్నే మనం లేబరు ఆఫీసు అంటాం. రావలసిన కూలి కోసం మూడేళ్ల లోపు అర్జీ పెట్టుకోవచ్చు.

"అడిగితే పనిలోంచి తీసేస్తారేమో!" అంది ఆ అక్క. ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఒక్కతే వెళ్లలేదు. తోటి పనివాళ్లు నలుగురు తోడు వెళ్లారు. చీటీలు చూపించి అర్జీ ఇచ్చారు. ఆ అక్క వేలిముద్ర వెయ్యలేదు. సంతకం పెట్టింది.

డబ్బు ఇంకా చేతికి రాలేదు. కానీ ఆ అక్క ఇప్పుడు రోజూ పనికి వెళ్లిన వేళ, వచ్చిన వేళ నోటుబుక్కులో రాసుకుంటోంది. మీరూ రాసుకోండి. రేపు అడగడానికి అదే ఆధారం.

చెప్పండి:
1. ఓటీ గంటకు కూలి ఎంత ఇవ్వాలి?
2. కూలి తగ్గితే అర్జీ ఎక్కడ ఇవ్వాలి?

లెక్క చెయ్యండి:
8 గంటలకు కూలి 480 రూపాయలు. 3 గంటల ఓటీకి ఎంత రావాలి?