చెక్ ట్రే ఎత్తి చూసినట్టు

రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మేత వేసిన గంటా రెండు గంటలకు చెక్ ట్రే పైకెత్తి చూస్తాం. మేత మిగిలిందా, రొయ్య చురుగ్గా ఉందా, పేగు నిండిందా? చూశాకే తర్వాతి మాట. ట్రే ఎత్తకుండా మందు పోసేవాణ్ణి ఏ రైతూ రెండో పంటకు ఉంచుకోడు. అదే మనిషి ఇంటికెళ్లాక, ఏడుస్తున్న పిల్లాడి మొహమైనా చూడకుండా "ఊరుకో, ఏం కాలేదు" అని మందు పోసేస్తాడు. నేనూ పోశాను.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా. ఒకరోజు అట్టా డ్యూటీ దిగి వచ్చేసరికి మావాడు బడికి పోనని సంచీ విసిరికొట్టాడు. రెండు తగిలించాను. సాయంత్రం వాళ్లమ్మ అడిగితే తేలింది: గాలివానలో నాన్న గుంట కాడ ఒక్కడే ఉన్నాడని రాత్రంతా నిద్రపోలేదట. బెంగతో విసిరిన సంచీకి నేను పొగరని పేరు పెట్టాను.

అందుకే ముందు పిల్లలకు మనసులోది చెప్పే మాటలు నేర్పండి. తెలుగులో వీటికి కరువా? బెంగ, అలక, ఉక్రోషం, గుబులు, కుళ్లు. అన్నిటికీ "బోర్" ఒక్కటే తెలిసిన పిల్లాడు ఏం చెప్పగలడు? "ఎక్కడుంది నాయనా, గొంతులోనా కడుపులోనా?" అని అడగండి. వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడే ఆగండి. సలహా వద్దు, మార్కుల మాట అసలే వద్దు. డ్యూటీ దిగిన వెంటనే కూడా వద్దు. కాళ్లు కడుక్కుని, అన్నం తిన్నాక అయిదు నిమిషాలు చాలు, ఫోను చేతిలో లేకుండా. మీకే చిరాగ్గా ఉంటే "నిద్ర లేక చిరాగ్గా ఉందిరా" అని పైకే అనండి. మిమ్మల్ని చూసి వాడూ అంటాడు.

మాటలతో పాటు మౌనమూ కావాలి. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడిలో సాయంత్రం పిల్లలు పొద్దుగుంకడం చూస్తూ మౌనంగా కూర్చుంటారు. అస్తాచల్ అంటారు దాన్ని. మన తీరంలో సముద్రం మీద పొద్దు కుంకదు, పొడుస్తుంది. ఆదివారం తెల్లారే మైపాడు బీచ్ ఇసుకలో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, మనసులోకి ఏమేం వచ్చాయో తర్వాత చెప్పుకోండి. మావాడికి మొదటిరోజు వచ్చింది బజ్జీలు. మోటారు పడవ మీద వేటకు పోయేవాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం; ఆ 61 రోజుల్లో మొదలుపెట్టండి.

పిల్లాడు నిద్రా తిండీ మానేసి రోజుల తరబడి ముడుచుకుపోయినా, చచ్చిపోతానన్నా, అది మన ట్రేకి అందే సంగతి కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.