స్టాటిక్ తగిలించే ముందు

చి. మేనకోడలికి,

నువ్వు పంపిన జావా ప్రోగ్రాం చూశాను. ఒక విద్యార్థి మార్కులు మారిస్తే అందరి మార్కులూ మారిపోతున్నాయి, కంపైలర్ మాత్రం ఏ తప్పూ చూపించడం లేదు అని రాశావు. చూపించదమ్మా, దాని లెక్కలో అది తప్పు కాదు. మార్కులు అనే ఫీల్డ్ ముందు నువ్వు స్టాటిక్ అని పెట్టావు. మెయిన్‌లోంచి నేరుగా వాడబోతే ఎర్రర్ వచ్చి ఉంటుంది, అది పోవడానికి ఆ మాట తగిలించి ఉంటావు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది చేసే పనే ఇది. అక్కడ చేయాల్సింది న్యూతో ఆబ్జెక్ట్ సృష్టించి, దాని ద్వారా వాడటం.

స్టాటిక్ ఫీల్డ్ క్లాసుది. వంద ఆబ్జెక్టులు చేసినా అది ఒకటే, ఒక్కటీ చేయకపోయినా ఉంటుంది. స్టాటిక్ మెథడ్‌లో దిస్ ఉండనిదీ అందుకే. ఒక తమాషా చెయ్యి: నీ స్టూడెంట్ క్లాసు రకం వేరియబుల్‌లో నల్ పెట్టి, దాని మీద స్టాటిక్ మెథడ్ పిలిచి చూడు. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ రాదు! ఏ క్లాసు మెథడో కంపైలర్ వేరియబుల్ రకాన్ని బట్టి ముందే తేల్చేసుకుంటుంది. అలాగని అలా రాయకు, క్లాసు పేరుతోనే పిలువు.

ఇక రిఫరెన్స్. వేరియబుల్‌లో ఉండేది ఆబ్జెక్ట్ కాదు, ఇంటి అడ్రసు రాసిన చీటీ లాంటిది. బి = ఎ అంటే ఇంకో ఇల్లు కట్టినట్టు కాదు, చీటీకి జిరాక్స్ తీసినట్టు. మెథడ్‌కి పంపినా వెళ్లేది ఆ జిరాక్సే. ఆ జిరాక్స్ అందుకున్నవాడు ఆ ఇంటికెళ్లి గోడకు రంగు మారిస్తే నీకూ కనబడుతుంది. తన కాగితం మీద అడ్రసు కొట్టేసి వేరేది రాసుకుంటే నీ చీటీకి ఏమీ కాదు. జావా అంతా పాస్ బై వేల్యూనే అనడంలో అర్థం ఇదే.

రిఫరెన్సులతోనే ఇంకో తమాషా: రెండు ఇంటీజర్ (ఇంట్ కాదు) వేరియబుల్స్‌లో 127 పెట్టి డబుల్ ఈక్వల్స్‌తో పోల్చు, ట్రూ వస్తుంది. 128 పెడితే మామూలుగా ఫాల్స్. డబుల్ ఈక్వల్స్ ఇక్కడ పోల్చేది రిఫరెన్సులను. -128 నుంచి 127 దాకా ఆబ్జెక్టులను జావా ముందే చేసి, ఒక స్టాటిక్ అరేలో దాచి, అందరికీ వాటినే ఇస్తుంది. విలువ పోల్చాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలి.

రేపు ఉద్యోగంలో చేరాక స్టాటిక్, రిఫరెన్స్ రెండూ కలిసిన చోటే దెబ్బ గట్టిగా తగులుతుంది. స్టాటిక్ లిస్టులో వేసి తీయడం మరిచిన ఆబ్జెక్టులను గార్బేజ్ కలెక్టర్ ముట్టుకోదు, సర్వర్ మెమరీ నిండుతూనే పోతుంది. ఇంకా ఘోరం, వెబ్ అప్లికేషన్‌లో లాగిన్ అయిన మనిషి వివరాలు స్టాటిక్ ఫీల్డ్‌లో పెట్టడం. ఒకరి ఖాతా ఇంకొకరికి కనబడుతుంది. నువ్వొక్కదానివే టెస్ట్ చేస్తే ఇది బయటపడదు కూడా.

మారని విలువలకు స్టాటిక్ ఫైనల్ నిశ్చింతగా వాడుకో. వర్గమూలం కట్టే మెథడ్ లాంటివి స్టాటిక్‌గా ఉండటమే సబబు. మారే సమాచారాన్ని స్టాటిక్‌లో పెట్టాలనిపిస్తే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య