కట్టడి సడలిన నాడు పంచాయితీ చేయవలసిన పని

2021వ సంవత్సరము జూన్ 20వ తేదీన తెలంగాణ రాష్ట్రమున లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తివేయబడినది. ఆ మరునాడే, అనగా జూన్ 21వ తేదీన, 18 ఏండ్లు నిండిన ప్రతి వ్యక్తికిని కేంద్ర ప్రభుత్వ వ్యయముతో కరోనా టీకా ఉచితముగా వేయు కార్యక్రమము దేశమంతట ఆరంభమైనది. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచినచో ఒక సంగతి తేటపడును. టీకా అందరికి అందిన పిమ్మట కట్టడి తొలగెనని మనలో పలువురు తలంతురు. గ్రామములలో జరిగినది ఇందుకు తలక్రిందులు. కట్టడి ముందు తొలగినది, టీకా ఆ వెనుక వచ్చినది. ఈ రెంటి నడుమ గడచిన మాసములలో పంచాయితీలు ఏమి చేయగలిగినవి, ఏమి చేయలేకపోయినవి అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

2025 డిసెంబరు మాసములో జరిగిన ఎన్నికలలో క్రొత్తగా పదవికి వచ్చిన సర్పంచులలోను, వార్డు సభ్యులలోను పెక్కుమంది ఆనాడు గ్రామపాలనలో లేరు. టీకా వేయించుకొనిన వారుగా ఆ దినములు వారికి గుర్తున్నవి గాని, పంచాయితీ కార్యాలయపు బల్ల వెనుకనుండి వారు వానిని చూడలేదు. ముఖ్యముగా వారికొరకే ఇది వ్రాయుచున్నాము.

జనగామ జిల్లాలోని కొడకండ్లను దృష్టాంతముగా తీసికొందము. ఇది మండల కేంద్రము. చుట్టును వరి, పత్తి పండు పొలములు, ఊరిలో మగ్గములు కలవు. రాష్ట్రమున రైతు వేదికల ప్రారంభోత్సవమును 2020 అక్టోబరు 31వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావు ఇచ్చటనే గావించిరి. అప్పటికి మన దేశమునకు టీకా ఇంకను రాలేదు. వ్యాధి తగ్గుముఖము పట్టినది గనుక సభ జరిగినది. రైతులు ఒకచోట కూడి మాటలాడుకొనుటకు కట్టిన ఆ మందిరము, జనులు ఒకచోట కూడరాదన్న కాలములో తలుపులు తెరచినదన్నమాట. గ్రామ జీవనమునకు కూడిక ఎంత అవసరమో, రోగమునకును అదియే అంత అనువైనది. సడలింపులోని చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

మొదటి కట్టడి నాడు ఈ చిక్కు లేదు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశవ్యాప్తముగా లాక్‌డౌన్. అందరును ఇండ్లలో ఉండవలెను, అంతే. కొన్ని ఊళ్లవారు పొలిమేరలో ముండ్లకంపలు వేసి దారులను మూసిరి. ఉద్దేశము మంచిదే కాని, కాన్పు నొప్పులు వచ్చిన స్త్రీని తీసికొనిపోవు బండికి కూడ ఆ కంపయే అడ్డమని పలువురకు తోచలేదు. మూయుటకు ఒక్క ఉత్తర్వు చాలును. తెరచుట అట్లు కాదు. ఏది ముందు తెరువవలెను, ఎవరిని ముందు బయటికి రానీయవలెను, ఎవరింట ఇంకను జాగ్రత్త అవసరము అనునది ఇంటింటి వివరము తెలిసినవారే చెప్పగలరు.

టీకా కార్యక్రమము 2021 జనవరి 16న మొదలైనది. పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన కోవిషీల్డు, మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్ అను రెండు టీకాలు వాడబడినవి. మొట్టమొదట వైద్య సిబ్బందికి, ఫిబ్రవరిలో పోలీసు, పారిశుధ్యము మొదలగు శాఖలవారికి, మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 ఏండ్లు దాటి దీర్ఘరోగములున్నవారికిని, ఏప్రిల్ 1 నుండి 45 ఏండ్లు దాటిన వారందరికిని వేసిరి. మే 1 నుండి 18 ఏండ్లు దాటినవారు అర్హులైనను, కొరతచే గ్రామములకు అది వెంటనే అందలేదు. ఇంతలో రెండవ విజృంభణము వచ్చి పడినది.

మే 12న రాష్ట్రమున మరల లాక్‌డౌన్ విధింపబడినది. ఉదయము 6 గంటలనుండి 10 గంటలవరకు మాత్రమే బయటికి వచ్చుటకు వీలుండెను. పెండ్లికి 40 మందిని, అంత్యక్రియలకు 20 మందిని మించనీయలేదు. మే 31 నుండి మధ్యాహ్నము 1 గంట వరకును, జూన్ 10 నుండి సాయంకాలము 5 గంటల వరకును వెసులుబాటు పెంచి, ఇల్లు చేరుటకు మరియొక గంట ఇచ్చిరి. అయితే జూన్ 10 నాటి సడలింపు అన్నిచోట్లకు వర్తింపలేదు. ఖమ్మము, నల్లగొండ జిల్లాలలో వ్యాధి అదుపులోనికి రాని కొన్ని నియోజకవర్గములలో మధ్యాహ్నము 1 గంట నియమమే కొనసాగినది. ఒకే రాష్ట్రములో ఒకచోట అంగడి సాయంకాలము వరకు తెరచియుండుట, మరియొకచోట మధ్యాహ్నమే మూసివేయుట అన్యాయమని ఆనాడు కొందరు విసుగుకొనిరి. మా అభిప్రాయమున, ఆ సడలింపులన్నిటిలో సబబైనది అదియే. రోగము ఎచ్చట ఎంత ఉన్నదో చూచి తెరచుటయే సరియైన పద్ధతి.

అన్ని పనులును ఒకే విధముగా ఆగినవి కావు. యాసంగి వడ్లు కల్లములలో ఉండగా కొనుగోలును ఆపుటకు వీలులేదు. గ్రామములలోనే కేంద్రములు తెరచి, రైతులకు టోకెన్లు ఇచ్చి, వంతులవారీగా వడ్లు తెప్పించిరి. హమాలీల కొరత, లారీల జాప్యము రైతులను బాధించినను, పని నిలువలేదు. మగ్గము సంగతి వేరు. నూలు రావలెను, నేసిన బట్ట పోవలెను. దినమునకు నాలుగు గంటలు తెరచియుండు అంగడిలో జనులు బియ్యము, పప్పు, మందులు కొందురు గాని క్రొత్త బట్ట కొనరు. పెండ్లికి 40 మంది అను నియమము నేతగాని యింటికి చేరునప్పటికి అమ్ముడుపోని బట్టయై మూలను కూర్చుండును. సడలింపునకై తొందరపడినవారిని మనము తప్పుపట్టునపుడు ఈ యిండ్లను జ్ఞాపకము ఉంచుకొనవలెను. జూన్ మాసమున తొలకరి, విత్తనములు, కూలిపనులు. ఇంకను ఆపియుంచుట సాధ్యము కాదు.

అయితే కట్టడి తొలగిననాటికి గ్రామములు ఎంతవరకు సురక్షితములు? దీనికి మన జిల్లాయందే సమాధానము దొరకినది. భారత వైద్య పరిశోధన మండలి వారు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థతో కలసి, రాష్ట్రమున జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలను ఎన్నుకొని, జనుల రక్తమును పరీక్షించి, ఎందరి శరీరములో ఈ రోగమునెదిరించు శక్తి పుట్టినదో లెక్కించిరి. 2020 మే మాసములో నూటికి ఒక్కరును లేరు. 2021 జూన్ నాటి పరీక్షలో మూడు జిల్లాలను కలిపి నూటికి 60 మందిలో ఆ శక్తి కనబడినది. రోగము వచ్చి తగ్గుటచే కొందరికి, టీకాచే కొందరికి అది లభించినది. రెండు మోతాదులు పొందినవారిలో నూటికి 90 మందికి పైగా ఆ రక్షణ ఉన్నట్లు తేలినది. మిగిలినవారు నూటికి 40 మంది. వేయి జనాభాగల ఊరిలో నాలుగువందల మంది. లాక్‌డౌన్ తొలగినది వీరు ఉండగనే. ఆ నాలుగువందల మంది ఎవరెవరని తెలిసికొనుట ఏ ఉత్తర్వువల్లను సాధ్యము కాదు. అది వార్డు సభ్యుని పని.

ఇచ్చట టీకా వేయు విధానమును గురించి కొంచెము చెప్పవలసియున్నది. కోవిషీల్డు సీసాలో పది మోతాదులు ఉండును. సీసా మూత తెరచిన నాలుగు గంటలలో వానిని వాడవలెను, లేనిచో పారవేయవలెను. కావున నలుగురు మాత్రమే వచ్చినచో ఏ.ఎన్.ఎం. సీసా తెరచుటకు సందేహించును. మరి ఆరుగురు రావలెనని వచ్చినవారిని కూర్చుండబెట్టును. ఒక గంట చూచి, వారు పొలము పనికి లేచి పోవుదురు. మరునాడు పిలిచినను రారు. ఈ చిన్న చిక్కువలన ఎన్ని దినములు వృథా అగునో, కేంద్రముకడ కూర్చున్నవారికి తెలియును. పదిమంది పేర్లు ముందు రాత్రియే వ్రాసికొని, ఉదయము పొలమునకు పోకముందే వారిని వెంటబెట్టుకొని వచ్చు సభ్యుడున్న వార్డులో సీసా వృథా కాదు, మనుష్యులును తిరిగిపోరు. టీకా వేసిన పిమ్మట అరగంట కూర్చుండవలెను గనుక నీడ, మంచినీళ్లు, కూర్చుండుటకు బల్లలు ఏర్పరచుట కూడ పంచాయితీకి సులువైన పనియే.

రెండవ మోతాదు ఇంతకంటె కష్టము. కోవిషీల్డు రెండు మోతాదుల నడుమ ఎడము మొదట 4 నుండి 6 వారములు. 2021 మార్చిలో దానిని 6 నుండి 8 వారములుగను, మే 13న 12 నుండి 16 వారములుగను మార్చిరి. కోవాగ్జిన్‌కు 4 నుండి 6 వారములే. ఒకే యింటిలో తండ్రికి ఒక టీకా, కొడుకునకు మరియొక టీకా అయినచో తేదీలు కలియవు. నాలుగు మాసముల తరువాత రమ్మన్న తేదీని గుర్తుంచుకొనుట వ్యవసాయదారునకు కష్టమే. ఫోనుకు వచ్చిన సందేశమును చదువలేనివారును పెక్కుమంది. 2021 అక్టోబరు చివరకు దేశమున పదికోట్లకు పైగా జనులు గడువు దాటియు రెండవ మోతాదు వేయించుకొనలేదు. నవంబరులో ఇంటింటికి తిరిగి టీకా వేయు కార్యక్రమమును కేంద్రము చేపట్టుటకు ఇది ముఖ్య కారణము. మన రాష్ట్రమున సెప్టెంబరు 16 నుండియే గ్రామగ్రామమున ప్రత్యేక కార్యక్రమము నడచుచుండెను. 2021 డిసెంబరు చివరకు రాష్ట్రమున అర్హులైన పెద్దలందరి సంఖ్యకు సమానముగా మొదటి మోతాదు పూర్తియైనట్లు ప్రభుత్వము ప్రకటించినది.

ముసలివారిని ఒప్పించుట వేరొక విద్య. "నేను గడప దాటి ఎటూ పోను బిడ్డా, నాకెందుకు సూది?" అని అవ్వ అడుగును. ఆమె మాట నిజమే, ఆమె ఎటును పోదు. కాని కట్టడి సడలిన పిమ్మట కొడుకు అంగడికి పోవును, కోడలు కూలికి పోవును, మనుమడు బడికి పోవును. రోగము ఆమె మంచముకడకు వారితోనే వచ్చును. ఆశా కార్యకర్త ఈ మాటను ఆమెకు తెలిసిన మనుష్యుల పేర్లతో చెప్పినపుడు పని జరిగినది గాని, గోడమీది ప్రకటన చూచి ఏ ముసలమ్మయు రాలేదు.

బెదిరింపు వలన పని చెడునని కూడ ఆనాడు తెలిసినది. 2021 అక్టోబరు చివర టీకా లేనివారికి రేషన్, పింఛను నిలిపివేయుదురని ఒక వార్త ప్రాకినది. అది నిజము కాదని ప్రజారోగ్య శాఖ వెంటనే ప్రకటింపవలసి వచ్చినది. ఎవరికిని వారి యిష్టమునకు విరుద్ధముగా టీకా వేయరాదని సుప్రీం కోర్టు 2022 మే 2వ తేదీన తీర్పు చెప్పినది. అవ్వ బియ్యము ఆపుదుమని చెప్పు అధికారము పంచాయితీకి ఎన్నడును లేదు. నచ్చజెప్పు అధికారము మాత్రము కావలసినంత ఉన్నది.

బడులను తెరచుట అన్నిటికంటె ఆలస్యమైనది. 2021 మార్చి 24న మూసిన బడులు సెప్టెంబరు 1న గాని ప్రత్యక్ష బోధనకు తెరువబడలేదు. పిల్లలకు అప్పటికి టీకా లేదు. 15 నుండి 18 ఏండ్లలోపు వారికి 2022 జనవరి 3న, 12 నుండి 14 ఏండ్లవారికి మార్చి 16న ఆరంభమైనది. కావున ఉపాధ్యాయులకు ముందుగా టీకా వేయించి, పిల్లల చుట్టునున్న పెద్దలను కాపాడుటద్వారా పిల్లలను కాపాడవలసి వచ్చినది. దూరదర్శను, టీ-సాట్ పాఠములు వినుటకు ఇంటిలో టీవీయో ఫోనో లేని పిల్లవాడు ఏడాదిన్నర చదువును కోల్పోయినాడు. పెండ్లి విందులు, అంగళ్లు, ఎన్నికల సభలు బడికంటె ముందు తెరచుకొనుట సరికాదని మా దృఢమైన అభిప్రాయము. మరియొక పర్యాయము ఇట్టి కష్టము వచ్చినచో మూయుటలో బడి కడపటిదిగను, తెరచుటలో మొదటిదిగను ఉండవలెనని పంచాయితీలు కోరవలెను.

తెరచిన తలుపు మరల మూయవలసి వచ్చుటయు కలదు. టీకాలలో ప్రపంచమునకు ముందు నడచిన ఇజ్రాయేలు దేశము 2021 జూన్ 15న గదులలోపల మాస్కు నియమమును తొలగించి, పది దినములలోనే మరల విధించినది. టీకా ప్రాణాపాయమును బాగుగా తగ్గించును గాని, రోగము సోకుటను పూర్తిగా ఆపదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినపుడు మన బడులకు 8 నుండి నెల చివరవరకు సెలవులిచ్చి ఫిబ్రవరి 1న తెరచిరి. జనవరి 21 నుండి ఇంటింటి జ్వర సర్వే జరిగినది. ఆ వెంటనే, ఫిబ్రవరి 16 నుండి 19 వరకు, మేడారమున సమ్మక్క సారలమ్మ జాతర జరిగినది. ఏడాది క్రిందట, 2021 మే మాసములో, అట్టి కూడికను ఊహించుటయే కష్టము. నడుమ మారినది రోగము కొంత, మన శరీరములలోని రక్షణ కొంత.

పంచాయితీలు చేయలేకపోయిన పనిని కూడ చెప్పవలెను. 2021 మే మాసములో నల్లగొండ జిల్లాలోని ఒక తండాలో వ్యాధి సోకిన ఒక యువకుడు, ఒక్క గదిగల ఇంటిలో తనవారికి దూరముగా ఉండుటకు చోటులేక, చెట్టుమీద మంచము కట్టుకొని పదునొకండు దినములు గడపెను. పత్రికలు దానిని వింతగా వ్రాసినవి. అందులో వింత ఏమియు లేదు, ఊరిలో ఒక గది లేకపోవుటయే ఉన్నది. ఒక్క గది ఇండ్లు మన ఊళ్లన్నిటను కలవు. మూసియున్న బడిలో రెండు గదులు, ఒక మరుగుదొడ్డి, భోజనము పంపువారు ఇద్దరు ఉన్నచో చాలును. కట్టడి సడలినను ఈ ఏర్పాటును ఎత్తివేయరాదు, ఏలయన జనులు తిరుగునపుడే దాని అవసరము హెచ్చును.

విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్రము విధించిన కోవిడ్ నియమములు 2022 మార్చి 31తో ముగిసినవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. జ్వర సర్వే కాగితములు, టీకా జాబితాలు మీ కార్యాలయపు బీరువాలో ఇంకను ఉన్నచో, ఒక దినము కార్యదర్శితోను, ఆశా కార్యకర్తతోను కూర్చుండి వానిని తిరుగవేయుడు. ఒంటరి ముసలివారు ఏ యిండ్లలో ఉన్నారు, ఫోను లేనివారు ఎవరు, నడువలేనివారు ఎవరు, రెండవ మోతాదునకు ఎవరి యింటికి మూడుమార్లు పోవలసి వచ్చినది అను వివరములు వానిలో దొరకును. చనిపోయిన వారి పేర్లు కొట్టివేసి, క్రొత్తగా వచ్చినవారిని చేర్చి, వార్డువారీగా శుభ్రమైన ప్రతి ఒకటి వ్రాయించి ఉంచుడు.