వ్యాపార నిర్వహణ విద్యాలయమునకు దరఖాస్తు: ఒక విచారణ

ఇంటర్మీడియెట్ ద్వితీయ సంవత్సరపు విద్యార్థులు పరీక్షల కాలము సమీపించుచుండగా వాణిజ్యశాస్త్ర శాఖకు వచ్చి మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "డిగ్రీ పూర్తియగువరకు ఆగకుండ, ఇంటర్మీడియెట్ ముగియగనే పెద్ద వ్యాపార నిర్వహణ విద్యాలయములలో చేరుటకు ప్రవేశపరీక్షలున్నవట. మేము దరఖాస్తు చేయవచ్చునా?" అని వారడుగుదురు. అడుగువారిలో కొందరు సంస్థ పేరు విని ముచ్చటపడినవారు. మరికొందరు ఆ పేరు వినగనే జంకి, అది మనవంటివారికి కాదని ముందుగనే తీర్మానించుకొన్నవారు. ఉభయులును లెక్క వేయకయే నిర్ణయమునకు వచ్చినవారే. వాణిజ్యశాస్త్రము చదువువాడు తన విషయమున లెక్క వేసికొనకున్న ఆ శాస్త్రము వలన ప్రయోజనమేమి? కనుక ఈ వ్యాసమున ఆ లెక్కను విద్యార్థుల యెదుట ఉంచదలచితిమి.

జమ, ఖర్చు, బాకీ, వసూలు అను మాటలు అరబ్బీ, పారసీ భాషలనుండి మన తెలుగు అంగళ్ళలోనికి వచ్చి స్థిరపడినవి. ఉర్దూ విద్యార్థికిని, తెలుగు విద్యార్థికిని ఇవి సమానముగా ఇంటిమాటలు. ఆ మాటలతోనే విచారణ సాగింతము.

ఈ విద్యాలయములు ఎట్టివి?

కళాశాలస్థాయిలో వ్యాపారవిద్య నేర్పుట కొత్తది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1881లో జోసెఫ్ వార్టన్ అను పారిశ్రామికుని విరాళముతో వార్టన్ విద్యాలయము వెలసినది. మన దేశమున 1913లో బొంబాయిలో సిడెన్హాం వాణిజ్య కళాశాల స్థాపింపబడినది. 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అను సంస్థలు ఏర్పడినవి. వీనినే ఐ.ఐ.ఎం.లని వ్యవహరింతుము. వీనిలో ప్రవేశము చిరకాలము పట్టభద్రులకే పరిమితమై యుండెను. 2011లో ఇందూరు ఐ.ఐ.ఎం. ఇంటర్మీడియెట్ ముగించినవారికై ఐదు సంవత్సరముల సమ్మిళిత పాఠ్యక్రమమును ప్రారంభించి ఆ పద్ధతిని మార్చినది. తరువాత 2019లో రోహ్‌తక్, 2021లో రాంచీ, జమ్ము, బోధగయ సంస్థలు అదే మార్గమును పట్టినవి. మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము సైతము ఇట్టి ఐదేళ్ళ పాఠ్యక్రమమును నెలకొల్పినది. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన షహీద్ సుఖ్‌దేవ్ కళాశాల 1987 నుండియు వ్యాపార విద్యకే అంకితమై యున్నది.

ఇందూరు పాఠ్యక్రమమున తొలి మూడేళ్ళు గణితము, సంఖ్యాశాస్త్రము, అర్థశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము, రాజనీతి, సాహిత్యము మున్నగునవి బోధింతురు. తుది రెండేళ్ళు పట్టభద్రులై వచ్చిన విద్యార్థులతో కలిసి నిర్వహణశాస్త్రమును చదువవలెను. అనగా మొదటి దినము నుండియే వ్యాపార రహస్యములు నేర్పుదురని తలచి పోవువాడు నిరాశపడును. అంకెలయందును, మనుష్యుల ప్రవర్తనయందును సమానముగా ఆసక్తి గలవానికే ఆ చదువు రుచించును. విద్యార్థి తన్ను తాను మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఆ సంస్థ పేరు తీసివేసిన పిమ్మట కూడ ఆ చదువు నాకు కావలెనా?

పరీక్ష ఏమి కోరును?

ఇందూరు ప్రవేశపరీక్ష కాలపరిమితి 120 నిమిషములు. భాగములు మూడు, ఒక్కొక్క దానికి 40 నిమిషములు. మూడింటిలో రెండు గణితమునకు సంబంధించినవి, ఒకటి ఆంగ్లభాషకు సంబంధించినది. సరియైన సమాధానమునకు 4 మార్కులు కలుపుదురు. ఐచ్ఛిక సమాధానములు గల ప్రశ్నలలో తప్పునకు 1 మార్కు తగ్గింతురు. ఇందు ఎంపికైనవారు ముఖాముఖి పరీక్షకు పోవలెను. సీట్లు వందలలో, అభ్యర్థులు వేలలో ఉందురు.

ఇచ్చట మన విద్యార్థులకు ముఖ్యమైన విషయమొకటి కలదు. ఎం.ఇ.సి. తీసికొన్నవారు ఇంటర్మీడియెట్‌లో గణితము చదువుదురు. సి.ఇ.సి. తీసికొన్నవారు చదువరు. ప్రవేశపరీక్షలో మాత్రికలు, శ్రేఢులు, ప్రస్తారములు, సంభావ్యత మున్నగువానిపై ప్రశ్నలు వచ్చును. కనుక పదియవ తరగతి ముగిసిన వేసవిలో "లెక్కలు కష్టము" అని సి.ఇ.సి. ఎన్నుకొన్న విద్యార్థి, తెలియకయే ఈ నిర్ణయములో సగమును అప్పుడే చేసివేసినాడు. అతనికి దారి మూయబడినదని మేమనము. కాని ఇతరులకంటె నాలుగైదు మాసముల పని అతనికి అధికముగా ఉన్నదని గుర్తింపవలెను.

రెండవ అడ్డంకి ఆంగ్లము. ఉర్దూ మాధ్యమముననో, తెలుగు మాధ్యమముననో చదివినవారికి ఇది నిజమైన అడ్డంకియే. అయినను భాషలో వెనుకబాటు బుద్ధిలో వెనుకబాటు కాదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముననే ఉన్నతవిద్యను గరపి వైద్యులను, ఇంజనీర్లను తీర్చినది. ఆంగ్లపఠనము అభ్యాసముచే అలవడునదే గాని ఒక్క మాసములో వచ్చునది కాదు. ప్రతిదినము ఒక ఆంగ్లపత్రికలోని సంపాదకీయమును చదివి, దాని సారాంశమును నాలుగు వాక్యములలో వ్రాయుచు ఒక సంవత్సరము గడపిన విద్యార్థికి ఆ భాగము భయంకరముగా తోచదు.

కేంద్రీయ విశ్వవిద్యాలయములకై 2022 నుండి జరుగుచున్న సి.యు.ఇ.టి. అను సామాన్య ప్రవేశపరీక్షను తెలుగుతోను, ఉర్దూతోను కలిపి 13 భాషలలో నిర్వహించుచున్నారు. షహీద్ సుఖ్‌దేవ్ కళాశాలకు కూడ ఆ పరీక్షయే ద్వారము. అందును గణితము తప్పనిసరి. ఫలానా పాఠ్యక్రమమునకు ఏ భాషాపత్రము వ్రాయవలెనో ఆ సంవత్సరపు ప్రకటన చూచి నిశ్చయించుకొనవలెను. పరీక్ష ఏ భాషలో వ్రాసినను, చేరిన పిమ్మట బోధన ఆంగ్లముననే యుండునని మరువరాదు.

ధనము మాట

ఇప్పుడు ఖర్చు పద్దునకు వత్తము. ఇందూరున ఐదేళ్ళ చదువునకగు వ్యయము 30 లక్షల రూపాయలకు పైబడును. ఢిల్లీలోని ప్రభుత్వ నిధులతో నడచు కళాశాలలో ఫీజు ఇందులో స్వల్పభాగమే, కాని అచ్చట వసతి, భోజనముల ఖర్చు వేరుగా చూచుకొనవలెను. మన కుటుంబములలో పెక్కింటికి 30 లక్షలనగా ఉన్న ఇల్లు అమ్మినను రాని సొమ్ము. కనుక అప్పు ప్రసక్తి తప్పదు.

అప్పును భయముతో గాక అంకెలతో చూడవలెను. 100కి సంవత్సరమునకు 10 వడ్డీ చొప్పున 10 లక్షల అప్పు తీసికొని, 10 సంవత్సరములలో సమాన నెలవాయిదాలతో తీర్చినచో నెలకు సుమారు 13,215 రూపాయలు చెల్లింపవలెను. మొత్తము చెల్లింపు 15 లక్షల 86 వేలకు చేరును. అప్పు 30 లక్షలైనచో నెలవాయిదా సుమారు 39,645 రూపాయలు. చదువు సాగు కాలమున పెరుగు వడ్డీ ఇందులో చేరలేదు. చదువు ముగించిన యువకుడు గాని, యువతి గాని ఇంటికి పంపవలసినది పంపి, తాను తిని, పిమ్మట ఇంత చెల్లింపగలుగుదురా అని కుటుంబమంతయు కూర్చుండి ఆలోచింపవలెను.

2024 నవంబరులో కేంద్ర మంత్రిమండలి పి.ఎం. విద్యాలక్ష్మి పథకమును ఆమోదించినది. దాని ప్రకారము ఎంపికచేసిన ఉన్నతస్థాయి సంస్థలలో సీటు పొందినవారికి తాకట్టు గాని, పూచీదారు గాని లేకుండ బ్యాంకులు అప్పు ఈయవలెను. సంవత్సరాదాయము 8 లక్షలకు మించని కుటుంబములకు 10 లక్షలవరకు గల అప్పుపై, చదువుకాలమునకును, తదుపరి గడువుకాలమునకును 3 శాతము వడ్డీ రాయితీకి వీలు కలదు. వడ్డీ అప్పునకు మనస్సొప్పని కుటుంబములు కూడ మనలో కలవు. అట్టివారు అవసరమును బట్టి సంస్థ ఇచ్చు ఫీజు సహాయమును, విద్యార్థివేతనములను మొదట విచారింపవలెను. అవి చాలవని తేలినచో తక్కువ ఫీజుగల కళాశాలనే లక్ష్యముగా పెట్టుకొనుట వివేకము.

పత్రముల విషయమున మరొక హెచ్చరిక. రాష్ట్రపు వెనుకబడిన తరగతుల జాబితా వేరు, కేంద్రపు జాబితా వేరు. రాష్ట్రమున బి.సి.-ఇ క్రింద రిజర్వేషను పొందిన విద్యార్థి, కేంద్రసంస్థలలో కూడ ఓ.బి.సి.గా పరిగణింపబడుదునని తలచి చివరిక్షణమున చిక్కుపడరాదు. తన కులము కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. లేనిచో 2019లో వచ్చిన ఆర్థికముగా వెనుకబడిన వర్గముల రిజర్వేషనునకు అర్హత కలదేమో మండల కార్యాలయమున విచారించి, ధ్రువపత్రమును సకాలమున పొందవలెను. తెలివితేటలున్నను కాగితము లేక సీటు పోవుట కంటె విచారకరమైనది లేదు.

రెండవ దారి

అర్థశాస్త్రమున అవకాశ వ్యయమను భావన కలదు. ఒకటి ఎన్నుకొన్నప్పుడు వదలుకొన్న దానిలో శ్రేష్ఠమైనదాని విలువయే దాని అవకాశ వ్యయము. మన విద్యార్థి వదలుకొనునది ఏమి? తెలంగాణమున దోస్త్ ద్వారా స్థానిక కళాశాలలో చేరి, తక్కువ ఖర్చుతో మూడేళ్ళ బి.కాం.నో, బి.బి.ఏ.నో చదువుట. పిమ్మట ఐసెట్ వ్రాసి రాష్ట్రములోనే ఎం.బి.ఏ. చేయవచ్చును, లేదా క్యాట్ వ్రాసి ఐ.ఐ.ఎం.లకే పోవచ్చును. క్యాట్‌కు ఏ డిగ్రీయైనను చాలును, సాధారణ వర్గమువారికి 50 శాతము మార్కులుండవలెను. అనగా పదునేడేండ్ల ప్రాయమున మూసికొన్న తలుపు ఇరువదియవయేట మరల తెరచికొనుటకు వీలున్నది. ఈ సంగతి తెలిసిన విద్యార్థి ఓడినను కుంగిపోడు. ఐతే క్యాట్‌కు ఇటీవల ఏటేట 3 లక్షల మంది వరకు నమోదగుచున్నారనియు, అచ్చటి పోటీ ఇంతకంటె తేలిక కాదనియు కూడ తెలిసియుండవలెను.

దరఖాస్తు వేరు, చేరిక వేరు

ఇంతవరకు చెప్పినదాని సారము ఒక్కటే. దరఖాస్తు చేయుట ఒక నిర్ణయము, చేరుట మరియొక నిర్ణయము. రెండింటికిని పద్దులు వేరు. దరఖాస్తునకగు ఖర్చు వేల రూపాయలలో నుండును, దానితో కొన్ని మాసముల శ్రమ కలియును. చేరికకగు ఖర్చు లక్షలలోను, సంవత్సరములలోను ఉండును. రెండవ పద్దును తలచి భయపడి మొదటిదానిని మానుకొనుట తొందరపాటు. మొదటిది పెట్టితిమి గదాయని రెండవదానికి కట్టుబడుట మరింత తొందరపాటు. పెట్టిన ఫీజు తిరిగి రాదు, తిరిగి రాని ఖర్చు ముందరి నిర్ణయమును శాసింపరాదని మన పాఠ్యగ్రంథములే చెప్పుచున్నవి.

కావున విద్యార్థులకు మా సూచన ఇట్లున్నది. వెనుకటి ప్రశ్నపత్రమునొకదానిని సంపాదించి, ఒక్కొక్క భాగమును గడియారము ఎదుట ఉంచుకొని 40 నిమిషములు చేయుడు. మార్కులు తక్కువ వచ్చినను దిగులు వలదు. తప్పిపోయిన లెక్కలను మరునాడు మరల చేయవలెనని మనస్సు ఉబలాటపడుచున్నదా, లేక పుస్తకము మూసిన చాలుననిపించుచున్నదా, అది గమనింపుడు. మొదటిదైనచో ఇంటిలో పెద్దలతో ఖర్చును గూర్చియు, దూరమును గూర్చియు దాపరికము లేక మాటలాడుడు. బాలికల విషయమున వసతిగృహపు ప్రశ్న సీటు వచ్చిన తరువాత గాక, రుసుము కట్టుటకు ముందే తేలవలెను. స్థానిక కళాశాల మార్గమును చేజార్చుకొనక, వార్షిక పరీక్షల చదువునకు భంగము రానీయక దరఖాస్తు చేయుడు. రెండవదైనచో మానుడు. అట్లు మానుట పరాజయము కాదు, లెక్క చూచి చేసిన నిర్ణయము.

కళాశాల పాలక సంఘమునకు కూడ ఒక విన్నపము. ఇట్టి పరీక్షలలో మన విద్యార్థులు వెనుకబడుటకు కారణము శక్తిలేమి యని మేము తలపము. ముప్పాతిక వంతు సమాచారలోపము, సి.ఇ.సి. వారికి గణితలోపము. సాయంకాలమున సి.ఇ.సి. విద్యార్థులకై వారమునకు మూడు గంటల గణిత తరగతి, గ్రంథాలయమున ప్రతిదినము ఒక గంట ఆంగ్లపత్రికా పఠనము, రుసుము కట్టలేని పది మందికి దరఖాస్తు ఫీజు సహాయము: ఈ మూడును సంఘమునకు మోయరాని భారము కావు. వీని వలన ఎవ్వరికిని సీటు రాకపోయినను నష్టము లేదు. ఆ గణితము, ఆ ఆంగ్లము ఏ డిగ్రీలో చేరినను విద్యార్థి జమ పద్దుననే నిలిచియుండును.