పాతికేళ్ళు దాటిన బొమ్మ కారు ఇంకా ఎందుకు పరుగెడుతోంది?

మా హాస్టల్లో రాత్రి పదకొండుకి వైఫై ఆపేస్తారు. ఆ తర్వాత మిగిలేవి లాన్ కేబులూ, పాత ఆటలూ. నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఎదురు రూమ్ సీనియర్ అన్న ఒకాయన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ఇది నీకంటే పెద్దదిరా, మర్యాదగా ఆడు" అన్నాడు. అందులో ఉన్నది రీ-వోల్ట్. నిజంగానే నాకంటే పెద్దది. 1999లో వచ్చింది.

రిమోట్ బొమ్మ కార్లతో పందెం ఆట అది. ఇళ్ళ మధ్య వీధి, సూపర్‌మార్కెట్, మ్యూజియం, ఇవే ట్రాకులు. మనం బొమ్మ కారంత అయిపోతాం కాబట్టి పేవ్‌మెంట్ అంచు గోడలా కనిపిస్తుంది. దీన్ని చేసిన అక్లెయిమ్ కంపెనీ 2004లో దివాలా తీసింది. మామూలుగా అయితే ఆట కథ అక్కడితో అయిపోవాలి. కానీ అవలేదు. ఎందుకో చూద్దాం.

1. కారంటే ఒక ఫోల్డరే

ఈ ఆటలో ప్రతి కారుకూ విడిగా ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో కారు ఆకారం, దాని మీది రంగుల బొమ్మ, పారామీటర్స్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటాయి. బరువు, టాప్ స్పీడు, స్ప్రింగు గట్టిదనం, టైరు ఘర్షణ, అన్నీ ఆ ఫైల్లో మామూలు అంకెలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చేయొచ్చు. కొత్త ఫోల్డరు తెచ్చి పడేస్తే ఆటే దాన్ని గుర్తుపట్టి జాబితాలో చూపిస్తుంది. ట్రాకులదీ ఇదే పద్ధతి. పైగా ట్రాక్ ఎడిటర్ ఆటతోపాటే వచ్చింది. అంటే తలుపు తాళం వేయకుండా వెళ్ళారన్నమాట. మాడింగ్ బతకడానికి మొదటి కారణం ఇదే.

2. మా ఆటో బోల్తా పడిన కథ

నేను బ్లెండర్‌లో ఒక ఆటో చేశాను. మూడు చక్రాలు ఎలా అనుకున్నారా? ప్రతి చక్రానికీ "ఉందా, తిరుగుతుందా, ఇంజిన్ బలం అందుతుందా" అని మూడు వరసలుంటాయి. ఒక ముందు చక్రం లేదన్నాను, రెండోదాన్ని మధ్యకి జరిపాను, బలం వెనక రెండింటికీ ఇచ్చాను. అచ్చం మన ఆటోలాగే.

మొదటి మలుపులోనే బోల్తా. గురుత్వ కేంద్రం ఎత్తు ఎక్కువైందని తెలిసింది. కిందికి దించుదామని వై విలువకు మైనస్ పెట్టాను. ఈసారి మలుపు కూడా రాకముందే పల్టీ కొట్టింది! గంట తర్వాత అర్థమైంది, ఈ ఆటలో వై కిందికి ప్లస్. నేను బరువుని టాపు మీదికి ఎక్కించానన్నమాట.

సరిచేశాక కూడా కాస్త ఊగింది. మూడు చక్రాలు నేలను తాకే చోట్లు కలిపితే త్రిభుజం వస్తుంది. గురుత్వ కేంద్రం ముందుకి జరిగేకొద్దీ త్రిభుజం అంచు దగ్గరవుతుంది, పడిపోవడం తేలికవుతుంది. జెడ్ విలువ తగ్గించి బరువుని వెనక్కి జరిపితే ఆటో నిలబడింది. మెకానిక్స్ పేపర్లో ఈ ప్రశ్నకి నేను ఫార్ములా బట్టీపట్టి రాసినవాణ్ణే. అర్థమైంది మాత్రం ఆ రాత్రే.

3. పాతదాన్ని విరగ్గొట్టని కొత్తది

అభిమానులు ఈ ఆటని ఇవాళ్టి కంప్యూటర్ల కోసం తిరగరాశారు. పేరు ఆర్‌వీజీఎల్. పాత డైరెక్ట్‌ఎక్స్ బదులు ఓపెన్‌జీఎల్ వాడుతుంది, లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చింది చిన్న విషయం. పారామీటర్స్ ఫైల్లో సెమికోలన్ తర్వాత ఉన్నది కామెంటు, ఆట దాన్ని చదవదు. కొత్త సౌకర్యాల వరసలన్నిటినీ సెమికోలన్, వెంటనే బ్రాకెట్, ఇలా ;) తో మొదలుపెట్టారు. పాత ఆట దాన్ని కామెంటనుకుని దాటేస్తుంది, కొత్తది చదువుకుంటుంది. ఒకే ఫైలు రెండింటిలోనూ పనిచేస్తుంది. చూడ్డానికి నవ్వు ముఖం, చేసేది మాత్రం ఇంజనీరింగ్.

4. పోయిన ట్రాకు

ఇంత చెప్పి అసలు సంగతి దాచకూడదు. నాకు ఆట ఇచ్చిన అన్న మా హాస్టల్నే ట్రాకుగా చేశాడు. మెస్ దగ్గర మొదలై, మెట్లు దిగి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి వస్తుంది. నోటీసు బోర్డు మీద వాళ్ళ బ్యాచ్ పేర్లు కూడా ఉండేవి. కాపీ ఒక్కటే, ఆయన హార్డ్ డిస్క్‌లో. పోయినేడాది డిస్క్ పోయింది. ఫోన్ చేస్తే, "పర్లేదులేరా, ఆడేశాం కదా" అన్నాడు. గొంతులో మాత్రం పర్లేదన్నట్టు లేదు. లాన్‌లో ఆ ట్రాకు మీద వందసార్లు ఆడాను. ఒక్కసారి కూడా అడిగి కాపీ చేసుకోలేదు. అది నా తప్పే.

కంపెనీ పోయినా ఆట బతికింది, ఎందుకంటే ఫైళ్ళు చాలామంది దగ్గరున్నాయి. ట్రాకు చేసినాయన బాగానే ఉన్నా అది పోయింది, ఎందుకంటే ఫైలు ఒక్కరి దగ్గరే ఉంది. ఈ పాఠం ఆటలకే కాదు, మన ప్రాజెక్టు కోడ్‌కీ, ఈ పత్రిక పాత సంచికలకీ వర్తిస్తుంది.

ఇప్పుడు మా ఆటో నాలుగు లాప్‌టాపుల్లో ఉంది. లోపల రీడ్‌మీ ఫైలు తెలుగులో రాశాను: "వై కిందికి ప్లస్. మర్చిపోతే బోల్తా." ఫస్టియర్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. తీసుకున్నాక ఇంకొకరికి ఇవ్వండి.