ఒకే తరగతిలో ఎన్నో మెట్లు: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా రోజుల్లో పలక, బలపం, పెద్దబాలశిక్ష తప్ప ఏమీ లేవు. ఎక్కాలు, పద్యాలు బట్టీ పట్టించేవారు. అయినా బాగానే చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం. ఇప్పుడు ఏటా ఒక కొత్త పద్ధతి అంటున్నారు. నిజంగా అవసరమా?
– విశ్రాంత ఉద్యోగి, తెనాలి

సమాధానం: మీ చదువును తక్కువ చేయనక్కర్లేదండీ. పుస్తకం మూసేసి మాస్టారికి అప్పజెప్పడం చాలా మంచి అలవాటు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి ఎక్కాలు దండగనే మాటను నేను ఒప్పుకోను.

కానీ ఆ రోజుల్లో మీ పక్కన కూర్చోనివాళ్లను కూడా ఒకసారి తలచుకోండి. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు 18 శాతమే. పాలేర్ల పిల్లలు, కూలీల పిల్లలు, ఆడపిల్లలు చాలామంది బడి గడప తొక్కలేదు. తొక్కినవాళ్లలోనూ వెనకబడ్డవాళ్లు మధ్యలోనే మానేసేవారు. చివరిదాకా నిలబడ్డవాళ్లను చూసి పద్ధతి బాగుందనుకున్నాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు దాదాపు పిల్లలందరి పేర్లూ బడి రిజిస్టర్లో ఉన్నాయి. వాళ్ల ఇంట్లో అక్షరం దిద్దిన మొదటి మనిషి తానే అయిన పిల్ల, టీచర్ గారి అబ్బాయి ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఇద్దరికీ ఒకే పాఠం ఒకే వేగంతో చెబితే ఒకరు మిగిలిపోతారు. 2024 అసర్ సర్వే ప్రకారం పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదువుతున్నవాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం. దేశం మొత్తం మీద లెక్క ఇది. సగానికి పైగా పిల్లలు మొద్దులని అనడానికి నాకు నోరు రాదు. కొత్త పద్ధతి కావలసింది వీళ్ల కోసమే.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. లెక్కల్లో వెనకబడ్డాడు. ట్యాబ్ కొనిచ్చి ఏదైనా యాప్ వేస్తే బాగుపడతాడా?
– ఒక తండ్రి, కరీంనగర్

సమాధానం: ట్యాబ్ కొన్నంత మాత్రాన బాగుపడడు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచారు. తర్వాత పరిశీలిస్తే లెక్కల్లో గానీ, భాషలో గానీ తేడా కనిపించలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలలు నేర్పితే మాత్రం లెక్కల మార్కులు బాగా పెరిగాయి. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని ముందే తేలింది. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరినీ వాళ్ల స్థాయి దగ్గర మొదలుపెట్టించింది. పక్కన చిన్న గుంపుగా కూర్చోబెట్టి నేర్పే మనిషి కూడా ఉన్నారు. డబ్బు కట్టేముందు ఒక్కటి చూడండి: మీవాడికి నాలుగో తరగతి భిన్నాలు రాకపోతే ఆ యాప్ అక్కడికి దిగుతుందా, లేక ఏడో తరగతి వీడియోలే చూపిస్తుందా?

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు వరకు ఐదు తరగతులూ నేనే చెప్పాలి. కోతల రోజుల్లో సగం మంది రారు. శిక్షణల్లో చెప్పేవన్నీ తరగతికో టీచర్ ఉన్న బడులకే పనికొస్తాయి. నాలాంటి వాళ్లు ఏం చేయాలి?
– ఉపాధ్యాయిని, పాడేరు ప్రాంతం

సమాధానం: టీచర్ గారూ, మీలాంటి బడుల కోసమే పుట్టిన పద్ధతి ఒకటి మన మదనపల్లె దగ్గరే ఉంది. 1980ల చివర్లో రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే టీచర్ ఉండే చిన్న బడులు నడిపారు. పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులు చేశారు. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. ఏ కార్డు తర్వాత ఏ కార్డో చిన్న బొమ్మల గుర్తులతో అందులో తెలుస్తుంది. పిల్ల తానున్న మెట్టు చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులకు టీచర్ కావాలి, కొన్నింటికి పక్కన స్నేహితురాలు చాలు, కొన్ని ఒంటరిగానే చేసుకోవచ్చు. అలా అవసరమైన నలుగురైదుగురి దగ్గర కూర్చునే తీరిక టీచర్‌కు దొరుకుతుంది. మీ కోతల సమస్యకు కూడా ఇందులో జవాబుంది. పది రోజులు రాని పిల్ల మళ్లీ వచ్చి, ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. “పాఠం అయిపోయింది, నువ్వు లేవు” అనే మాట ఆ బడిలో ఉండదు.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు దీన్ని చూసి వెళ్లి, కర్ణాటకలో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు, తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నీ ఇదే దారి పట్టాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కార్డులు అచ్చువేసి బీరువాలో పెడితే బడి మారదు. పిల్ల ఎక్కడ ఆగిందో రోజూ చూసుకునే టీచర్ లేకపోతే కార్డు కూడా కాపీ రాయించే కాగితమే అవుతుంది.

కార్డులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రోజుకో గంట తరగతుల్ని పక్కన పెట్టండి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించండి. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఒక గుంపు, పదాల దగ్గరివాళ్లు ఒక గుంపు, పేరా చదివేవాళ్లు, కథ చదివేవాళ్లు ఇంకో రెండు. నాలుగో తరగతి పిల్లాడు అక్షరాల గుంపులో ఉంటే సిగ్గుపడకుండా చూసుకోవాలి, అది మీ మాటతీరులో ఉంది. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చేయిస్తున్న పద్ధతి ఇది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దీన్ని పలు రాష్ట్రాల్లో పరీక్షించి, ఆ గంట నిజంగా జరిగినచోట చదువు పెరిగిందని తేల్చారు.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి, ఇంగ్లీష్ మీడియం. తీసివేతలు ఎప్పుడూ తప్పే. 52 లోంచి 27 తీస్తే 35 అని రాసింది. అజాగ్రత్త అంటున్నారు ట్యూషన్ మేడమ్. తిట్టినా మారడం లేదు.
– ఒక తల్లి, ఒంగోలు

సమాధానం: అమ్మా, ఇది అజాగ్రత్త కాదు. 2 లోంచి 7 పోదు కాబట్టి పాప 7 లోంచి 2 తీసి 5 రాసింది. తర్వాత 5 లోంచి 2 తీసి 3 రాసింది. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని చిన్న తరగతిలో విన్న మాటను శ్రద్ధగా పాటిస్తోంది. నిర్ధారించుకోవాలంటే 63 లోంచి 28 తీయమనండి. 45 అని రాస్తే నేను చెప్పిందే కారణం.

చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో ఐదు కట్టలు కట్టండి, రెండు విడిగా పెట్టండి. “ఇందులోంచి ఇరవై ఏడు నాకివ్వు” అనండి, తెలుగులోనే. రెండు కట్టలు ఇస్తుంది, ఏడు విడి పుల్లల దగ్గర ఆగిపోతుంది. మీరు ఏమీ చెప్పకండి, కాసేపు ఓపిక పట్టండి. కట్ట విప్పాలని తనకే తోచాలి. విప్పాక ఏడు ఇచ్చేస్తే ఐదు పుల్లలు, రెండు కట్టలు మిగులుతాయి. అప్పుడు అదే లెక్కను పక్కన కాగితం మీద రాయించి, ఏ కట్ట విప్పిందో ఆ పదుల అంకె మీద గీత కొట్టించండి. కొన్నాళ్లు పుల్లలూ కాగితమూ పక్కపక్కనే నడవాలి. పుల్లలు వద్దని తనే చెబుతుంది.

ఆ కాగితాలు బడిలో క్లాస్ టీచర్‌కు కూడా చూపించండి. ఇదే తప్పు చేస్తున్న పిల్లలు ఆ గదిలో ఇంకా ఉంటారు.