ముదిమిలో హామ్‌స్టరు

1930వ సంవత్సరమున ఇజ్రాయెల్ అహరోని యను జంతుశాస్త్రజ్ఞుడు సిరియా దేశమందలి అలెప్పో నగరమునకు సమీపమున ఒక పొలమును త్రవ్వించెను. ఎనిమిది అడుగుల లోతున నున్న కలుగులో ఒక తల్లి హామ్‌స్టరును, దాని పిల్లలును కనబడెను. బెదరిన తల్లి ఒక పిల్లను అప్పుడే కొఱికి చంపెను. తక్కిన పిల్లలను అహరోని జెరూసలేమునకు గొనిపోయి, భార్య సాయముతో చేతులమీద పెంచెను. వానిలో కొన్ని తప్పించుకొని పోయినవి, కొన్ని నశించినవి. మిగిలిన కొలది పిల్లలే ఏడాది తిరుగునప్పటికి పెద్ద సంతతి యయ్యెను. నేడు దేశదేశముల ఇండ్లలో పెరుగుచున్న బంగారువన్నె హామ్‌స్టరులలో దాదాపు అన్నియు ఆ ఒక్క కాన్పు సంతానమే. పుట్టిన పొలములలో మాత్రము ఆ జాతి అంతరించు ప్రమాదమున నున్నది.

ఇది అరచేతిలో ఇముడు మూషికజాతి జంతువు. తోక మిక్కిలి పొట్టి. చెంపలలోపల భుజముల దాక సాగు సంచులు రెండు కలవు. దొరకిన గింజలను వానిలో నింపుకొని పోయి గూటిలో దాచును. జర్మను భాషలో 'కూడబెట్టుట' యను అర్థముగల క్రియ యొకటి దీని పేరునుండియే పుట్టినది. పగలు నిద్రించును, రాత్రి మేల్కొనును. ఒంటరితనమే దీనికి సుఖము. పెరిగిన హామ్‌స్టరులను రెండింటిని ఒక్క పెట్టెలో ఉంచినచో పోరి గాయపడును.

తల్లి కడుపులో పదునాఱు దినములే యుండి పుట్టు ఈ ప్రాణి రెండు మూడేండ్లకు మించి బ్రతుకుట అరుదు. ఒకటిన్నర ఏడు దాటగనే ముదిమి తోచును. మనుష్యుని ఆయువు డెబ్బదియైదేండ్లనియు, దీని ఆయువు రెండున్నర ఏండ్లనియు లెక్కించినచో, దాని ఒక వారము మన ఏడు నెలలతో సమానము. కావున "వచ్చు ఆదివారము వైద్యునికి చూపుదము" అను మాట హామ్‌స్టరు విషయమున చాల దీర్ఘమైన వాయిదా.

దీని వ్యాధిని గుర్తించుట సులభము కాదు. గుడ్లగూబలకును, నక్కలకును ఆహారమగు ప్రాణి బలహీనతను బయటపెట్టినచో ఆ రాత్రియే దాని బ్రతుకు ముగియును. ఆ భయము ఇంటి పెట్టెలో పుట్టినదానిని కూడ వదలలేదు. నొప్పిని కడవఱకు దాచును. కన్నులకు కనబడని ఈ మార్పును తక్కెడ కనిపెట్టును. వంటింటిలో వాడు గ్రాముల తక్కెడపై చిన్న గిన్నె నుంచి, వారమునకొకమాఱు తూచి, తేదీతో పుస్తకమున వ్రాయవలెను. 120 గ్రాములున్న హామ్‌స్టరు 108 గ్రాములకు దిగినదన్నచో దేహములో పదవవంతు పోయినది. బొచ్చు దట్టముగా నుండుటచే చూచువారికి ఆ తరుగు తెలియదు.

వెండ్రుకలు పలుచనగుట, నిద్ర హెచ్చుట, చక్రముపై పరుగు తగ్గుట వయస్సుతో వచ్చునవే. నడుమునకు ఇరుప్రక్కల కనబడు నల్లని మచ్చలను జూచి పలువురు కలతపడుదురు. అవి వాసన గ్రంథులు, రోగము కాదు. నీరు అమితముగా త్రాగుట, ఉదరము ఉబ్బుట, ఊపిరి బరువగుట మాత్రము ఉపేక్షింపరానివి. ముసలి హామ్‌స్టరుల మూత్రపిండములలోను, కాలేయములోను ఒక విధమగు మాంసకృత్తు పేరుకొని ఆ యవయవములను చెఱచును. గుండెలో నెత్తురు గడ్డకట్టుటయు కలదు. కడ్డీల కంటె మెత్తనిదేదియు కొఱుకని పండ్లు వంకరగా పెరిగి నోటిని గ్రుచ్చుట మఱియొక బాధ. ముందరి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గదా! అట్టి జంతువు తిండి ముందట కూర్చుండియే చిక్కిపోవును.

ముదిసినదానికి దాని లోకమునంతటిని నేలకు దింపవలెను. రెండంతస్తుల పెట్టె యున్నచో పై యంతస్తును మూసివేయవలెను, నిచ్చెనలను తీసివేయవలెను. నీటిసీసా గొట్టము తల యెత్తకయే అందునంత క్రిందుగా నుండవలెను. పడకకు చింపిన మెత్తని కాగితము మేలు. దూది చూపునకు వెచ్చనగా దోచును గాని, దాని పోగులు కాళ్లకు చుట్టుకొని బిగియును. శుభ్రపఱచుట పేర గూటినంతయు ఒక్కమాఱు మార్చరాదు. చూపు పోయిన హామ్‌స్టరుకు ఆ గూటి వాసనయే దారి చూపును. దానిని కడిగివేసినచో తన యింటిలోనే అది దారి తప్పును.

వాడుకైన మేతనే గోరువెచ్చని నీటిలో నానబెట్టి పెట్టవచ్చును. నానినది గూటిలో దాచినచో కుళ్లును గావున మఱునాటి ఉదయము తీసివేయవలెను. ఎండు గింజల నిలువను మాత్రము ముట్టరాదు. నీటితో స్నానము చేయించుట ప్రమాదము. ఇరువది మొదలు ఇరువదినాలుగు డిగ్రీల వేడిమి దీనికి హితము. తెలుగుదేశపు వేసవి నలువది డిగ్రీలు దాటును గనుక, పెట్టెను ఎండ తగులని, గాలి యాడు గదిలో ఉంచి, చల్లార్చిన పింగాణి పలక నొకదానిని లోపల పెట్టవలెను. అది కావలసినప్పుడు దానిపై పొట్ట ఆనించి పడుకొనును.

ఔషధముల విషయమున జాలియే హంతకమగుట కలదు. మనుష్యులను బ్రతికించిన పెన్సిలిన్, ఆంపిసిలిన్ మొదలగు మందులు హామ్‌స్టరు ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను నశింపజేయును. అంతట కీడు చేయు జీవులు పెరిగి విషమును పుట్టించును. జంతువు కొలది దినములలో మరణించును. ఇంటిలో మిగిలిన మాత్రను పొడిచేసి పట్టుట ఎన్నడును కూడదు. పశువైద్యులందఱికిని ఇట్టి చిన్న ప్రాణులతో పరిచయముండదు. తెలిసిన వైద్యు డెవరో జంతువు ఆరోగ్యముగా నున్నప్పుడే విచారించి ఉంచుకొనుట మంచిది.

రెండేండ్ల హామ్‌స్టరుకు కంతి లేచినచో కోయించుటయా, మానుటయా? మత్తుమందును అది తట్టుకొనలేకపోవచ్చును. తట్టుకొన్నను మిగిలిన ఆయువు కొలది నెలలే. కంతి చిన్నదై, తిండియు, నిద్రయు సాగుచున్నచో వదలివేయుటయే దయ యని తోచును. తిండి మాని, ఒడలు దువ్వుకొనుట మఱచి, ఊపిరికై పెనుగులాడుచున్నచో, బాధ లేని మరణము నిచ్చు మందు వైద్యునియొద్ద కలదు. దానిని పెద్దలు నిర్ణయింపవలెను; కాని పెంచిన పిల్లవానికి చాటుగా జరుపరాదు. ఈ వారము ఎన్ని రాత్రులు మేల్కొని తిన్నది, ఎన్ని రాత్రులు గూటినుండి రాలేదు అని వైద్యుడు అడుగును. ఆ లెక్క తూకములతోబాటు పిల్లవాని పుస్తకములోనే వ్రాసి యుండును.